గుడ్ మార్నింగ్ ఫోటోలో సీక్రెట్ మెసేజ్: మూడు నెలలు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, సీక్రెట్ మెసేజ్ అనగానే మీరు ఊహించుకునే మేటర్ ఏం లేదు ఇందులో. మేం దాచింది మా నాన్న షష్టిపూర్తి గురించి, దాచింది మా నాన్న దగ్గరే. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య చెప్పకుండా దిగాలి, కాకినాడలో ఫంక్షన్ హాలు, పంతులుగారు, వంటవాళ్ళు, పూలవాళ్ళు అన్నీ ఆయనకి తెలియకుండా సెట్ అవ్వాలి. నేను హైదరాబాద్‌లో, అమ్మ ఆయన పక్కనే. దీనికింత హడావిడి ఎందుకు, వాట్సాప్‌లో మాట్లాడుకోవచ్చుగా అంటారేమో, మా ఇంట్లో ఫోన్ అంటే వీధి చివర కుళాయి లాంటిది, ఎవరైనా తిప్పుకోవచ్చు. అమ్మ ఫోన్ అమ్మ చేతిలో కంటే నాన్న చేతిలోనే ఎక్కువ ఉంటుంది. ఆయన టెలిగ్రాఫ్ ఆఫీసులో మొదలుపెట్టి బీఎస్ఎన్ఎల్‌లో 2020లో వీఆర్ఎస్ తీసుకున్న మనిషి, ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళూ చావులూ అన్నీ వాళ్ళకంటే ముందు చదివిన కళ్ళు అవి. చాట్ డిలీట్ చేస్తే ఇక్కడేదో ఉండాలే అంటారు. మెసేజ్ డిలీట్ అయినట్టు గుర్తు కనపడిందా, ఇక ఆ పూట అన్నం సహించదు. పోనీ లాక్ పెడదామంటే ఇన్నేళ్ళు లేని లాక్ ఇప్పుడెందుకొచ్చిందే అని అమ్మని అడుగుతారు, అమ్మకి అబద్ధం చెప్పడం అస్సలు రాదు, మొహంలో తెలిసిపోతుంది.

అంటే మాకు కావాల్సింది తాళం కాదు. అక్కడ ఏమైనా ఉందన్న అనుమానమే రాకూడదు, అదీ మా అవసరం.

చిన్నప్పుడు నేనూ అన్నయ్యా క భాష మాట్లాడుకునేవాళ్ళం, ప్రతి అక్షరం ముందు క తగిలించి, కనాకన్న కవకస్తుకన్నాకరు అని. నాన్నకి రెండో రోజుకే వచ్చేసింది. నిమ్మరసంతో రాసి ఇస్త్రీపెట్టె కింద పెడితే గోధుమ రంగులో అక్షరాలు బయటికొచ్చేది కూడా ట్రై చేశాం, అది అమ్మ తెల్ల చీర మీద ప్రయోగం చేసినందుకు వేరే కథ అయింది. సో ఈసారి అన్నయ్యే అన్నాడు, ఫోటోలో మెసేజ్ దాచే యాప్‌లు ఉంటాయే, స్టెగనోగ్రఫీ అంటారు, అమ్మ రోజూ ఫ్యామిలీ గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులు పంపుతుంది కదా, అందులో పెట్టేద్దాం అని. విన్నప్పుడు నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది. ఎందుకంటే తెలుగువాళ్ళ ఫ్యామిలీ గ్రూపులో గుడ్ మార్నింగ్ ఫోటోని ఎవ్వరూ చూడరు, దండం బొమ్మ పెట్టి కిందకి జరిపేస్తారు. అంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది.

ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్తా, మీకు తెలిస్తే ఈ పేరా వదిలేయండి. ఫోటోలో ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు నంబర్లుంటాయి, ఒక్కోటి 0 నించి 255 దాకా. మందార పువ్వు రేకు మీద ఒక చుక్కలో ఎరుపు 201 ఉందనుకోండి, బైనరీలో, అంటే సున్నాలూ ఒకట్లతోనే రాస్తే, అది 11001001. చివరి 1 తీసి 0 పెడితే 200 అవుతుంది. 201కీ 200కీ తేడా మీ కంటికీ నా కంటికీ దేవుడికీ తెలీదు. అలా ప్రతి నంబర్ చివరి బిట్‌లో (ఆ సున్నానో ఒకటినో బిట్ అంటారు) మన మెసేజ్ ముక్కలు ముక్కలుగా కూర్చోబెడతారు. మామూలు 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే 4000 అడ్డం 3000 నిలువు, అంటే కోటీ ఇరవై లక్షల చుక్కలు, చుక్కకి మూడు బిట్లు వేసుకున్నా దాదాపు 4.5 ఎంబీ టెక్స్ట్ పడుతుంది. మా షష్టిపూర్తి లెక్కలు కాదు, మా వంశం మొత్తం చరిత్ర పడుతుంది.

ఇక యాప్ సంగతి. పేరు రాయట్లేదు, ఎందుకంటే ప్లే స్టోర్‌లో ఇలాంటివి చాలా ఉన్నాయి, నేను చూసినవి అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి, తాళం బొమ్మో కన్ను బొమ్మో ఐకాన్, లోపల రెండు బటన్లు, ఒకటి దాచు ఒకటి చూడు. ఫోటో ఎంచుకో, మెసేజ్ టైప్ చెయ్, పాస్‌వర్డ్ ఇవ్వు, సేవ్. నిజం చెప్పాలంటే ఆ భాగం చాలా బాగుంది, నాలుగు నొక్కుళ్ళలో అయిపోతుంది. ప్రతి దాచుడికీ ఒక యాడ్ వస్తుంది, 199 కడితే రాదు, నేను కట్టలేదు. ఇన్‌స్టాల్ అవ్వగానే కాంటాక్ట్స్ పర్మిషన్ అడిగింది, ఫోటోలో అక్షరాలు దాచడానికి మా పిన్ని నంబర్ నీకెందుకురా అని డినై కొట్టా, అయినా పనిచేసింది. ఇలాంటి యాప్ ఏది పెట్టుకున్నా ఫోటోలు తప్ప ఇంకేం ఇవ్వకండి.

మొదటి రోజు నేను మా బాల్కనీలో పూసిన మందారం ఫోటో తీసి, దానిమీద శుభోదయం అని రాసి, లోపల మెసేజ్ పెట్టి గ్రూపులో వేశా. అమ్మకి ముందే ఫోన్‌లో నేర్పించా. అమ్మ డౌన్‌లోడ్ చేసి చూడు నొక్కితే మెసేజ్ ఏమీ లేదు అంది యాప్. నేను మళ్ళీ పంపా. మళ్ళీ లేదు. అన్నయ్య అక్కడ చూశాడు, లేదు. నా ఫోన్‌లో ఉన్న ఒరిజినల్‌లో మాత్రం శుభ్రంగా ఉంది. గంట తలబద్దలు కొట్టుకున్నాక వెలిగింది, తప్పు యాప్‌ది కాదు, ఫోటో పంపేటప్పుడు మధ్యలో దాన్ని నలిపి చిన్నది చేస్తారు కదా, అక్కడ పోతోంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కంప్రెస్ అవుతుంది, హెచ్‌డీ ఆప్షన్ నొక్కినా ఎంతో కొంత అవుతుంది. ఫోటోలు మామూలుగా సేవ్ అయ్యే జేపెగ్ రకం ఫైల్లో కంప్రెషన్ అంటేనే కంటికి తెలియని తేడాలన్నీ తీసిపారేయడం, మనం దాచుకున్నదేమో సరిగ్గా ఆ కంటికి తెలియని తేడాలోనే. బియ్యంలో ముత్యం దాచి జల్లెడ పట్టించినట్టయింది. యాప్‌లో ఈ ముక్క ఎక్కడా రాయలేదు, రివ్యూలు చూస్తే వందమంది ఇదే ఏడుపు, ఫేక్ యాప్, మెసేజ్ రాట్లేదు, వన్ స్టార్. స్క్రీన్ మీద ఒక్క లైన్ పెడితే పోయేదానికి.

దీనికి మందు ఫోటోని డాక్యుమెంట్‌గా పంపడం. పిన్ను గుర్తు నొక్కి గ్యాలరీ కాకుండా డాక్యుమెంట్ అని ఎంచుకుంటే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఇక్కడ ఇంకోటి చెప్పాలి, కెమెరాలో తీసిన మామూలు ఫోటోని ఇలా పంపితే ఎక్కడ తీశారో ఆ లొకేషన్ కూడా దానితోపాటే వెళ్ళిపోతుంది, కెమెరాలో లొకేషన్ ఆన్ ఉంటే. ఇంట్లోవాళ్ళకైతే పర్లేదు, తెలియనివాళ్ళకి పంపేటప్పుడు గుర్తుపెట్టుకోండి. అమ్మకి ఈ డాక్యుమెంట్ వ్యవహారం నేర్పడానికి రెండు ఆదివారాలు పట్టింది. అమ్మ వీటికి దాపుడు బొమ్మలు అని పేరు పెట్టింది, ఇవాళ దాపుడు బొమ్మ పంపావా అని అడిగేది, అదీ నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు.

రెండో తలనొప్పి తెలుగు. ఈ మొదటి యాప్‌లో తెలుగులో టైప్ చేస్తే అవతల అన్నీ ప్రశ్నార్థకాలే వచ్చాయి, ఇంగ్లీషు అక్షరాలు తప్ప వేరేవి ప్రపంచంలో ఉంటాయని వాడికి తెలిసినట్టు లేదు. సరే అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడం మొదలుపెట్టాం. అన్నయ్య ఒకరోజు నాకు టీ ఏ ఎల్ ఐ సంగతి చూడు అని పంపాడు, అంటే తాళి, షష్టిపూర్తికి మళ్ళీ మంగళసూత్రం కట్టాలిగా, అది చేయించు అని. అదే ఫోటో అమ్మా తెరిచింది. తల్లి సంగతి చూడు అని చదువుకుంది. ఫోన్ చేసి, వాడికి అంత దూరాన ఉన్నా నా మీదే ధ్యాస, నీకు చెప్పాడు చూడు అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనింకా నిజం చెప్పలేదు, మీరూ చెప్పకండి.

తర్వాత తెలుగు సపోర్ట్ ఉన్న ఇంకో యాప్ దొరికింది, దాంట్లోనే మిగతా మూడు నెలలూ నడిపించాం. ఇక్కడ ఒక సరదా లెక్క. అన్నయ్య శనివారం వస్తాడు అనే మాటని తెలుగు లిపిలో రాస్తే 65 బైట్లు (బైట్ అంటే ఎనిమిది బిట్లు), అదే ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే 25. యూటీఎఫ్-8లో, అంటే కంప్యూటర్లు అక్షరాలని నంబర్లుగా రాసుకునే పద్ధతిలో, మన అక్షరం, గుణింతం, పొల్లు ఒక్కోటీ మూడేసి బైట్లు తింటాయి, వత్తు అంటే పొల్లూ అక్షరమూ రెండూ కలిపి ఆరు. ఎస్ఎమ్ఎస్‌లో కూడా ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే చోట తెలుగులో 70కే అయిపోతుంది, పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కానీ ఫోటోలో దాచేటప్పుడు ఇదేం సమస్య కాదు, ఆ 65 బైట్లకీ 174 చుక్కలు చాలు, కోటీ ఇరవై లక్షల్లో.

పాస్‌వర్డ్ తెలుగులో పెడదాం ఎవడూ ఊహించలేడు అన్నాడు అన్నయ్య. గొట్టంకాజా అని పెట్టాం, కాకినాడవాళ్ళం కదా. నేను అమ్మకి ఫోన్లో చెప్పా, గొట్టంకాజా, మధ్యలో స్పేస్ లేదు అని. అమ్మ స్పీకర్‌లో పెట్టుకుని రాసుకుంటూ పైకి గట్టిగా గొట్టం... కాజా... స్పేస్ లేదు అని చదివింది. వెనకాల నించి నాన్న గొంతు, ఏంటే తినాలనుందా అని. సాయంత్రం పావుకిలో గొట్టం కాజా తెచ్చారు. ఇంకో విషయం, అమ్మ దాన్ని మర్చిపోతానేమోనని క్యాలెండర్ వెనక రాసిపెట్టింది, పాలవాడి లెక్క పక్కన. నవ్వకండి, 2010లో అమెరికాలో పట్టుబడ్డ రష్యా గూఢచారులు కూడా ఇలాగే ఫోటోల్లో మెసేజ్‌లు దాచి ఇంటర్నెట్‌లో పెట్టేవాళ్ళు, వాళ్ళ ప్రోగ్రాం తెరిచే 27 అక్షరాల పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకుంటే ఎఫ్‌బీఐవాళ్ళు సోదాలో దాన్ని ఫోటో తీసుకున్నారు. వాళ్ళకంటే మా అమ్మ నయం, పాలవాడి లెక్కలో కలిపేసింది.

తెలుగు పాస్‌వర్డ్‌తో ఇంకో తిప్పలు కూడా ఉంది, పైకి ఒకేలా కనపడే మాట లోపల ఒకేలా ఉండదు. గొట్టం కాజా విడగొట్టి కొట్టినా, గొట్టాంకాజా అని దీర్ఘం పడినా తెరుచుకోదు సరే అది అర్థమవుతుంది. కానీ ఫేస్‌బుక్ లాంటి మాట ఉందనుకోండి, స్ కింద బు వత్తు పడకుండా మధ్యలో కంటికి కనపడని ఒక క్యారెక్టర్ ఉంటుంది, కొన్ని కీబోర్డులు అది వేస్తాయి కొన్ని వెయ్యవు. సో పాస్‌వర్డ్ తెలుగులో పెట్టుకుంటే ఇలాంటి పొల్లు మాటలు వద్దు.

ఆ కనపడని క్యారెక్టర్ అన్నాను కదా, దాంతోనే మెసేజ్‌లు దాచే ఇంకో రకం కూడా ట్రై చేశా. ఇందులో ఫోటో గీటో ఏం ఉండదు, మామూలు వాక్యం రాస్తాం, దాని మధ్యలో వెడల్పే లేని క్యారెక్టర్లు దూరుస్తారు, ఒకటి సున్నా కింద లెక్క ఇంకోటి ఒకటి కింద లెక్క, చూడ్డానికి భోంచేశావా అనే ఉంటుంది, లోపల పెద్ద కథ ఉంటుంది. కాపీ చేసి యాప్‌లో పేస్ట్ చేస్తే బయటికొస్తుంది. ఇంగ్లీషులో ముచ్చటగా పనిచేసింది. తెలుగులో గోల, ఎందుకంటే ఆ క్యారెక్టర్లలో ఒకటి మన భాషలో నిజంగానే డ్యూటీలో ఉంది. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్, పాస్‌వర్డ్ అని రాసిన ప్రతిచోటా అది ఉంటుంది. నేను దాచిన దానికి మా మాటల్లో సహజంగా ఉన్నవి కలిసిపోయి అవతల పిచ్చి అక్షరాలు వచ్చాయి. పైగా కొన్ని చోట్ల పేస్ట్ చేస్తే ఈ క్యారెక్టర్లని ఏరిపారేస్తారు, అప్పుడు మెసేజూ పోతుంది, సాఫ్ట్‌వేర్‌లో ట కింద వ వత్తూ పడుతుంది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లు క్రాష్ అయ్యాయని గోల అయింది గుర్తుందా, జ్ఞా ఉన్న అక్షరం, ఆ నెలలోనే 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. ఆ వరసలో జ్ఞకీ దీర్ఘానికీ మధ్యలో ఉన్నదీ ఈ కనపడని క్యారెక్టరే. అది చదివాక దీని జోలికి పోవడం మానేశా. తెలుగువాళ్ళకి ఈ టైపు యాప్ వేస్ట్, అంతే.

ఇప్పుడు సెక్యూరిటీ మాట. మా ఆఫీసులో సెక్యూరిటీ టీమ్ కుర్రాడు ఒకడున్నాడు, మధ్యాహ్నం లంచ్‌లో నా గొప్ప ఆపరేషన్ గురించి చెప్తే వాడు నవ్వి, అక్కా ఒక ఫోటో ఇవ్వండి పాస్‌వర్డ్ చెప్పకండి అన్నాడు. మొదటి యాప్‌తో ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న మెసేజ్ దాచి ఇచ్చా. ల్యాప్‌టాప్‌లో జెడ్‌స్టెగ్ అని ఫ్రీ టూల్ పెట్టి, ఒక కమాండ్ కొట్టాడు, నేను పెరుగన్నం కలిపేలోపు స్క్రీన్ మీద నా మెసేజ్ మొత్తం అచ్చు గుద్దినట్టు వచ్చింది. అంటే ఆ యాప్ పాస్‌వర్డ్ అడిగింది కానీ దాంతో మెసేజ్‌ని ఎన్‌క్రిప్ట్ చెయ్యలేదు, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేని గజిబిజిగా మార్చలేదు, ఊరికే గుమ్మం దగ్గర వాచ్‌మన్‌ని కూర్చోబెట్టింది, ఇంటికి వెనక గోడే లేదు. రెండో యాప్ ఫోటో ఇస్తే అర్థమయ్యే టెక్స్ట్ ఏమీ రాలేదు, అది కాస్త నయం. అయినా వాడు చెప్పిందేంటంటే చాలా యాప్‌లు దాచేటప్పుడు మొదట్లో తమ సొంత గుర్తు ఒకటి పెట్టుకుంటాయి, తర్వాత తామే గుర్తుపట్టడానికి, ఆ గుర్తు తెలిస్తే ఎవరైనా పట్టేస్తారు. అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఇలాంటి మొబైల్ యాప్‌ల ఫోటోలతో ఒక పెద్ద డేటాబేసే తయారుచేశారు, స్టెగోయాప్‌డీబీ అని, 8 లక్షల పైన ఫోటోలు, పట్టుకోవడం ప్రాక్టీసు చెయ్యడానికే.

కాస్త సీరియస్‌గా చేసిన యాప్ కావాలంటే పిక్సెల్‌నాట్ గురించి చదవండి. గార్డియన్ ప్రాజెక్ట్ వాళ్ళది, ఆండ్రాయిడ్ కోసం, ఫ్రీ, కోడ్ కూడా అందరూ చూసేలా పెట్టారు. అది చివరి బిట్ పద్ధతి కాదు, ఎఫ్5 అని 2001లో ఆండ్రియాస్ వెస్ట్‌ఫెల్డ్ చేసిన పద్ధతి, జేపెగ్ లోపలి లెక్కల్లోనే దాస్తుంది, కాబట్టి ఫైలు పీఎన్‌జీ (ఒక్క బిట్ కూడా పోని ఫైలు రకం) అవ్వక్కర్లేదు, జేపెగ్‌గానే ఉంటుంది. అలాగని దాన్నీ ఎవరూ పట్టలేరని కాదు, 2002లోనే జెస్సికా ఫ్రిడ్రిచ్ బృందం ఎఫ్5ని కనిపెట్టే దారి చూపించింది. నేను దాన్ని అమ్మ ఫోన్‌లో పెట్టలేదు, ఒక యాప్ నేర్చుకోడానికే ఆవిడ పడ్డ పాట్లు చాలు, మళ్ళీ కొత్తది అంటే ఫోన్ నామీదికి విసిరేది.

ఫైలు పీఎన్‌జీ అన్నాను కదా, అసలు కొంప ముంచింది అదే.

అన్నయ్య మొదట్నించీ ఒక రూలు పెట్టాడు, నెట్‌లో దొరికే గుడ్ మార్నింగ్ ఫోటోలు వాడకూడదు అని. అది కరెక్టే, ఒరిజినల్ బయట దొరుకుతుంటే రెండూ పక్కపక్కన పెట్టి తేడా చూస్తే చాలు, దొరికిపోతాం. అందుకని మా సొంత ఫోటోలే, బాల్కనీ మందారాలు, అన్నయ్య పెరట్లో గులాబీలు, పూర్తి 12 మెగాపిక్సెల్. యాప్ వాటిని పీఎన్‌జీ చేసి ఇస్తుంది, ఎందుకంటే పీఎన్‌జీలో ఒక్క బిట్ కూడా మారదు. కాకపోతే నాలుగు ఎంబీ ఫోటో కాస్తా 18 ఎంబీ అవుతుంది. రోజుకి ఒకటి నేను, ఒకటి అన్నయ్య. అమ్మది 64 జీబీ ఫోన్, దాంట్లో సగం అప్పటికే మా మేనల్లుడి వీడియోలు.

షష్టిపూర్తికి వారం ముందు నాన్న ఫోన్ చేశారు. అమ్మలూ, మీ అమ్మ ఫోన్‌కి వైరస్ వచ్చినట్టుందమ్మా అన్నారు. నాకు గుండె గొంతులోకి వచ్చింది. ఏమైంది నాన్నా అన్నా. స్టోరేజ్ ఫుల్ అని చూపిస్తుంటే తీసి చూశాను, ఒక్కొక్క గుడ్ మార్నింగ్ 18 ఎంబీ ఉంది, పైగా అన్నీ డాక్యుమెంట్లు, గుడ్ మార్నింగ్‌ని డాక్యుమెంట్‌గా ఎవరైనా పంపుతారా, ఇదేదో మోసమే, అన్నీ పీకిపారేశాను అన్నారు. చాలా తృప్తిగా చెప్పారు, పెరట్లో పాముని కొట్టినట్టు.

ఆయనకి అనుమానం రాలేదు, ఒక్క మెసేజ్ కూడా చదవలేదు, ఆ లెక్కన మా దాపరికం నూటికి నూరు మార్కులు. కానీ చెత్తలా కనపడేలా దాచాం కదా, చెత్తలాగే ఊడ్చేశారు. అందులో అమ్మ ఇంకా తెరవని బొమ్మ ఒకటుంది, అన్నయ్య ఫ్లైట్ మారింది, శుక్రవారం బదులు శనివారం పొద్దున్న రాజమండ్రిలో దిగుతాడు అన్నది. పోయిందని నాకు తెలీదు, అమ్మ చూసే ఉంటుందిలే అనుకున్నా, అమ్మకి అసలు వచ్చిందనే తెలీదు. ఈ యాప్‌లలో మెసేజ్ అవతలివాళ్ళు చదివారా లేదా అని తెలిసే దారి ఏదీ లేదు, నీలం టిక్కులు వచ్చేది ఫోటోకి, లోపలిదానికి కాదు. ఎవరికైనా ముఖ్యమైన విషయం పంపితే చదివాక ఏదో ఒక గుర్తు తిరిగి పంపమని ముందే అనుకోండి, అంటే ఒక నమస్కారం బొమ్మ కాదు రెండు పెట్టు అని, అలా. మాకీ ఐడియా తర్వాత వచ్చింది.

శుక్రవారం మావయ్య కారేసుకుని ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళి మూడు గంటలు కూర్చుని వచ్చాడు, ఇప్పటికీ ఆ పెట్రోల్ డబ్బులు అడుగుతాడు. శనివారం అన్నయ్యా వదినా పిల్లాడితో దిగి ఎవరూ లేక ట్యాక్సీ మాట్లాడుకుని నేరుగా ఇంటికొచ్చేశారు. తలుపు తీసింది నాన్నే. బనీనులో, ఒక చేతిలో పేపరు. అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చి చూసి నాన్నకంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది, దాంతో ఆవిడకి కూడా తెలియదని ఆయన ఇప్పటికీ నమ్ముతున్నారు. ఇంత బాగా నటించడం అమ్మకి జన్మలో వచ్చేది కాదు.

సరే రేటింగ్ ఇవ్వాలి. మొదటి యాప్‌కి ఐదుకి ఒకటి, తెలుగు రాదు, పాస్‌వర్డ్ నాటకం, యాడ్లు. కనపడని అక్షరాల యాప్‌కి తెలుగులో సున్నా, ఇంగ్లీషులో రెండున్నర. మేం మూడు నెలలు వాడిన రెండో యాప్‌కి మూడు ఇస్తా, పని చేసింది, తెలుగు చూపించింది, కానీ ఫోటో సైజు తగ్గించే ఆప్షన్ పెట్టి ఉంటే నాలుగు ఇచ్చేదాన్ని. మీరు వాడేట్టయితే ముందే ఫోటోని చిన్నది చేసుకుని అప్పుడు దాచండి, 1000 పిక్సెళ్ళ వెడల్పున్న ఫోటో అయినా మీ మెసేజ్‌కి బోలెడంత ఎక్కువ, ఫైలు ఒకటి రెండు ఎంబీలకి మించదు. దాచడం అయ్యాక ఒరిజినల్ ఫోటో డిలీట్ చెయ్యడం మర్చిపోకండి, ట్రాష్‌లోంచి కూడా.

ఇంట్లోవాళ్ళ కంటపడకుండా ఉంటే చాలు అనుకునేవాళ్ళకైతే ఇంత తతంగం అక్కర్లేదు కూడా. వాట్సాప్‌లో 2023 మే నించి చాట్ లాక్ ఉంది, అదే ఏడాది నవంబర్‌లో సీక్రెట్ కోడ్ కూడా ఇచ్చారు, కోడ్ పెట్టుకుంటే లాక్డ్ చాట్స్ అనే ఫోల్డరే లిస్టులో కనపడకుండా చెయ్యొచ్చు, సెర్చ్‌లో ఆ కోడ్ కొడితేనే వస్తుంది. మాకిది ముందే తెలిసుంటే మావయ్యకి పెట్రోల్ మిగిలేది. కాకపోతే కోడ్ ఏదైనా అమ్మ పైకి చదువుతూనే కొడుతుంది కాబట్టి గ్యారంటీ ఏం లేదు. డబ్బు విషయాలు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు, ఆధార్ ఫోటోలు లాంటివి మాత్రం ఈ పువ్వుల్లో పెట్టి పంపకండి దయచేసి, లంచ్ టైములో ఊడబెరికేస్తారని చూశారుగా.

ఫంక్షన్ బాగా జరిగింది, తాళి కూడా టైముకే వచ్చింది. నేనూ అన్నయ్యా యాప్‌లు తీసేశాం. అమ్మకి మాత్రం చేతికి అలవాటైపోయి ఇప్పటికీ గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు డాక్యుమెంట్‌గానే పంపుతోంది, లోపల ఏమీ లేవు, నేను అప్పుడప్పుడూ తెరిచి చూస్తూనే ఉన్నా.